బీరువా వెనక బూజు గురించి

మల్కాజిగిరి,
హైదరాబాద్.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్ననే అందింది. అమ్మాయి గదిలో బీరువా జరిపేసరికి వెనక గోడ నల్లగా బూజు పట్టి కనిపించిందని, మనమే తుడుచుకోవచ్చా, పనివాళ్లను పిలవాలా అని అడిగావు. పిల్లకు ఉబ్బసం ఉంది కదా, అన్నిటికంటే ముందు ఈ రాత్రికే తన పడకను వేరే గదికి మార్చు. ఆ గోడను తుడిచేది నువ్వైనా, ఇంకెవరైనా, ఆ సమయంలో తనను అటువైపు రానీయకు.

ఇక కొలత సంగతి. బూజు సుమారు 10 చదరపు అడుగుల లోపు, అంటే అటు మూడడుగులు, ఇటు మూడడుగులు మించకుండా ఉంటే చాలావరకు ఇంటివాళ్లే శుభ్రం చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అయితే పైకి కనిపించే మచ్చను మాత్రమే కొలిచి ధైర్యపడవద్దని నా అనుభవం మీద చెబుతున్నాను. రెండేళ్ల క్రితం వానాకాలంలో మా పడకగది గోడ మీద అరచేయంత మచ్చ కనిపిస్తే, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, లప్పం పెట్టించి, రంగు వేయించాను. దీపావళి నాటికి ఆ రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. బొటనవేలితో నొక్కితే పెచ్చు ఊడి, లోపల గోడ తడిగా, నల్లగా, తడిమట్టి వాసనతో కనబడింది. మేస్త్రీ ప్లాస్టరు కొట్టేసరికి దాదాపు సగం గోడ అలాగే ఉంది. పై అంతస్తు స్నానాలగది పైపు కారుతున్నంతకాలం నేను ఎంత తుడిచినా ప్రయోజనం లేకపోయింది. అన్ని నెలలూ అమ్మ ఆ గదిలోనే పడుకుందన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

అందువల్ల మచ్చ చిన్నదే అయినా సరే, అది తుడిచాక మళ్లీ వస్తే, లేదా గోడ మెత్తబడితే, లేదా నీరు ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే, నువ్వు ఆగి పని తెలిసినవాళ్లను పిలవాలి. 2020 అక్టోబరు వానలకు మీ టోలిచౌకిలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి కదా, అలా మురుగునీరు తగిలిన గోడ అయితే కొలత చూడనే అక్కరలేదు, నేరుగా వాళ్లనే పిలువు. ఏసీ లోపల బూజు ఉందన్న అనుమానం వస్తే, బాగుచేయించేదాకా దానిని వేయకు. పిలిచినవాడు ముందు నీటి జాడ వెతకాలి. చూడగానే రంగు ధర చెప్పేవాడికి పని అప్పగించవద్దు. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు అది ఏ రకమో పరీక్ష చేయించడానికి సాధారణంగా డబ్బు ఖర్చుపెట్టనక్కరలేదు.

చిన్నదేనని తేలి నువ్వే తుడిచేటట్టయితే ఎన్95 మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీళ్లతో రుద్ది, గోడను పూర్తిగా ఆరబెట్టు. బ్లీచింగులో యాసిడ్ గానీ అమ్మోనియా గానీ కలపకు, విషవాయువు పుడుతుంది.

ఆదివారం ఉదయం టేపు తీసుకుని నేనే వస్తాను. గోడకు అవతల ఏముందో, స్నానాలగదో బయటి పైపో, ఈలోగా చూసి ఉంచు. బీరువాను మళ్లీ గోడకు ఆనించవద్దు.

నీ మిత్రుడు