వేగాన్ని వైరుతో కొలిచి రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదించిందని ఫిర్యాదు చేస్తే సంస్థ తరఫున మనిషి వస్తాడు, ఫోనులో వైఫై వేగం చూస్తాడు, రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేసి వెళ్లిపోతాడు. వేగాన్ని దేనితో కొలిచారో, ఏ గదిలో కొలిచారో, ఎంత వచ్చిందో ఆ ఫిర్యాదు పత్రంలో ఎక్కడా ఉండదు. అందువల్ల లైను బాగాలేదని మనమూ, మీ గోడలే అడ్డమని వారూ నెలల తరబడి వాదించుకోవలసి వస్తోంది. ఈ వాదన ఎంత అనవసరమో మా ఇంటి అనుభవంతో చెప్పదలచి ఈ లేఖ రాస్తున్నాను.

రైల్వేలో సిగ్నల్, టెలికం విభాగంలో పనిచేసి రిటైరైన నేను చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. మాది 200 ఎంబీపీఎస్ (సెకనుకు 200 మెగాబిట్ల వేగం) ప్లాన్. జూన్ నుంచి మా మనవరాలి ఆన్‌లైన్ క్లాసుల్లో మాస్టారి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది. వెనుక గదిలో ఫోనులో చూస్తే వేగం 8, 9కి మించేది కాదు. మూడుసార్లు ఫిర్యాదు చేశాం. మూడుసార్లూ మనిషి వచ్చి వెళ్లాక, సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది.

చివరికి నేనే కూర్చుని, టీవీనీ మిగతా ఫోన్లనూ నెట్ నుంచి తప్పించి, ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు తగిలించి కొలిచాను. 94 వచ్చింది. రాత్రి పదింటికీ 94, తెల్లవారుజామున అయిదింటికీ 94. లైను మీద రద్దీ వల్ల వేగం తగ్గితే ఆ అంకె పూటపూటకూ మారుతుంది. ఇలా కదలకుండా ఒకేచోట నిలిచిందంటే మధ్యలో ఏదో 100 దగ్గర కట్టడి చేస్తోందన్నమాట. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతలూ కావాలి, ఒక జత పాడైతే పరికరాలు తమంతట తామే రెండు జతలతో నడిచే 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతాయి, అందులోనూ సమాచారం వెంట వెళ్లే చిరునామాల వంటివి పోగా మనకు దక్కేది సుమారు 94. బయటి ఫైబర్ తీగ వచ్చి చేరే బాక్స్ నుంచి రూటర్‌కు వేసిన మూరెడు కేబుల్‌ను ఊడదీసి వెలుతురులో చూస్తే, ప్లగ్గు లోపల గోధుమరంగు తీగ ఒకటి కొసదాకా రాకుండా తెగి ఉంది. కొత్త కేబుల్ వేయగానే వేగం 190 దాటింది.

వెనుక గది సమస్య మాత్రం మా ఇంటిదే, సంస్థది కాదు. హాలు మూలన ఇనుప బీరువా వెనుక రూటర్ పెట్టించుకున్నది మేమే. దానికి తోడు, ఫోన్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండు మీదే ఉన్నాయి. అది గోడలు దాటి దూరం పోతుంది గాని, అందులో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 అనే మూడే. గోడకు గోడ ఆనుకున్న మా వీధిలో ఇరవైకి పైగా ఇళ్ల వైఫై పేర్లు నా ఫోనులో కనిపిస్తున్నాయి. రూటర్‌ను నడిమి గోడకు మనిషెత్తున బిగించి, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాక వెనుక గదిలో 70 వస్తోంది.

ఎదురింటి వారి సంగతి వేరు. వారికి వైరు మీద కొలిచినా ఇరవై, ముప్ఫై మధ్య ఊగుతూ రోజుకు నాలుగైదుసార్లు తెగిపోయేది. కిటికీ చట్రం దగ్గర ఫైబర్ తీగను లంబకోణంలో వంచి క్లిప్పు కొట్టారు. అంత బిగువుగా వంచితే అక్కడ వెలుగు బయటికి కారిపోతుంది. వెలుగు బలం ఎంతో కొలవమని నేను అడిగితే, వచ్చిన అబ్బాయి తన సంచిలోంచే మీటరు తీశాడు. మైనస్ 29 డీబీఎం చూపించింది (డీబీఎం అంటే వెలుగు బలానికి కొలమానం, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ వెలుగు బలహీనమన్నమాట). ఎక్కువ ఇళ్లలో వాడే బాక్సులు మైనస్ 27 దాకానే నికరంగా అందుకోగలవు. తీగను వదులుగా గుండ్రంగా తిప్పి వేశాక మైనస్ 21కి వచ్చింది. అంతకుముందు రెండుసార్లు వచ్చినప్పుడు కూడా ఆ మీటరు సంచిలోనే ఉందట.

ఎండలో స్తంభాలెక్కే ఆ పిల్లలను నేను తప్పుపట్టడం లేదు. కొలత రాయమని వారిని ఎవరూ అడగడం లేదు. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 2023లో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు గాని, 200కు డబ్బు కట్టినవారికి అది ఏ రక్షణా కాదు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సేవా నాణ్యతా నిబంధనలు 2024 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నా, అందులో చూసేది మొత్తం ప్రాంతానికి కలిపిన లెక్కనే గాని ఫలానా ఇంట్లో ఏం వచ్చిందన్నది కాదు. విడివిడి ఫిర్యాదులను ట్రాయ్ స్వయంగా విచారించదు. సంస్థ ఇచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకుని, పరిష్కారం సరిపోకపోతే అదే సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. ఈ సంగతి తెలిసినవారు మా వీధిలో తక్కువ, తెలిసి వెళ్లినా చూపడానికి చేతిలో ఒక్క అంకె ఉండదు.

కాబట్టి ట్రాయ్‌కు నా విన్నపం ఇది. కనెక్షన్ ఇచ్చిన రోజునా, ప్రతి ఫిర్యాదుకూ, వినియోగదారుడి ఎదుటే రూటర్‌కు వైరు పెట్టి కొలిచిన వేగాన్నీ, వేళనూ, ఫైబర్ వెలుగు బలాన్నీ రాసి, అదే వివరాన్ని మెసేజ్‌గా పంపాలి. ఆ కొలత లేనిదే ఫిర్యాదు మూసేయకూడదు. పది నిమిషాల పని ఇది, పరికరాలూ వారి దగ్గర ఉన్నవే. వైరు మీద వేగం సరిగా ఉంటే మా బీరువా మేము జరుపుకుంటాం, లేకపోతే తీగ వారు మార్చాలి.

మా మూడు ఫిర్యాదుల్లో ఒక్కదాని మీదనైనా 94 అని రాసి ఉంటే, ఆ కేబుల్ మారడానికి అక్టోబరు దాకా ఆగవలసి వచ్చేది కాదు.

భవదీయుడు,
ఒక రైల్వే విశ్రాంత ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై