నవంబరు ఒకటిన యానాంలో సెలవు, మరి మనకెందుకు లేదు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

రెండు వారాల కిందట సాంఘికశాస్త్రం టీచరు సెలవు పెడితే ఏడో తరగతికి నేను వెళ్ళాను. పాఠం మొదలుపెట్టకముందే వెనక బెంచీలోంచి ఒక పాప లేచింది. "టీచర్, యానాంలో మా పెదనాన్నగారి అబ్బాయికి నవంబరు ఒకటిన సెలవట. మనకెందుకు లేదు?" అని అడిగింది. కాకినాడ నుంచి యానాం ఎంత దూరమని! బస్సెక్కితే గంట. అక్కడ మాట్లాడేదీ తెలుగే, తాగేదీ గోదారి నీళ్ళే. నేను సగం జవాబే చెప్పి, మిగతా సగం పిల్లలనే వెతకమన్నాను. ఆ వెతుకులాట ఇప్పుడు మెట్ల దగ్గర నుంచి సైన్సు గది దాకా వరండా గోడంతా పాకింది. అందుకే ఈ నెల ఉత్తరం దాని గురించే రాస్తున్నాను.

ముందు ఆ పాప ప్రశ్నకు జవాబు. పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం కూడా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఓటింగు జరిగింది. 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారతదేశంలో కలుద్దామన్నారు. నవంబరు 1న పాలన మన దేశం చేతికి వచ్చింది, అందుకే అక్కడ ఆ రోజు సెలవు. అయితే యానాం అంతదాకా ఆగలేదు. ఆ ఏడాది జూన్ 13నే దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. చట్టప్రకారం విలీనం పూర్తయిందేమో 1962 ఆగస్టు 16న. ఒక చిన్న ఊరి స్వాతంత్ర్యానికి మూడు తేదీలు! "ఇందులో అసలు తేదీ ఏది టీచర్?" అని పిల్లలు నన్ను నిలదీశారు. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మీతో చెప్పుకోవాలనిపించింది. చరిత్ర పుస్తకంలో తేదీల కింద గీతలు గీసి బట్టీ పట్టే పిల్లలు ఇలా అడగరు.

మన నవంబరు 1 మీకు తెలిసిందే. 1956లో అదే రోజున ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదులో నెహ్రూగారు ప్రారంభించారు. నీలం సంజీవరెడ్డిగారు తొలి ముఖ్యమంత్రి. దేశపటం మొత్తం ఆ రోజే మారింది: 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు. ఎనిమిదో తరగతి పిల్లలు పాత హైదరాబాదు రాష్ట్రాన్ని చార్టు మీద గీసి మూడు ముక్కలుగా కత్తిరించారు. తెలంగాణ ముక్కను ఆంధ్ర పక్కన అంటించారు. గుల్బర్గా, బీదర్, రాయచూరు ముక్క మైసూరు వైపు వెళ్ళింది. ఔరంగాబాదు, నాందేడ్ ఉన్న ముక్క బొంబాయి వైపు. కత్తెర పట్టుకున్న పిల్లాడు మధ్యలో ఆగి, "టీచర్, ఇక్కడి వాళ్ళకీ అక్కడి వాళ్ళకీ పెళ్ళిళ్ళు అయి ఉంటాయి కదా?" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

మన బడిలో తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ ఉన్నాయి. వారికి నవంబరు 1 వేరుగా ఉంటుంది, 2014 జూన్ 2 వేరుగా ఉంటుంది. గోడ మీద ఆ రెండు తేదీలూ పక్కపక్కనే పెట్టించాను. ఇంట్లో ఈ మాట వస్తే మీ మనసులో ఉన్నది పిల్లలతో నెమ్మదిగా చెప్పండి. తరగతిలోనూ మేం అలాగే చెప్తున్నాం.

1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ కూడా నవంబరు 1నే పుట్టాయి. మైసూరు రాష్ట్రం కర్ణాటకగా, లక్కదీవులు లక్షద్వీప్‌గా పేర్లు మార్చుకున్నది 1973లో ఇదే రోజు. ఇంకా వెనక్కి వెళ్తే 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసి దేశం బ్రిటిష్ రాణిగారి కిందికి వచ్చిందన్న ప్రకటనను గవర్నర్ జనరల్ కానింగ్ అలహాబాదులో చదివిన రోజు కూడా ఇదే. పిల్లలు వీటన్నిటికీ "ముహూర్తం పెట్టుకున్న రోజులు" అని పేరు పెట్టారు. మనుషులు కూర్చుని, ఆలోచించి ఎంచుకున్న తేదీలన్న మాట. రెండో వరుసకు పెట్టిన పేరు "నెత్తిన పడ్డ రోజులు". ఆ పేర్లలో నా ప్రమేయం ఏమీ లేదు. ఇంత బాగా నేను పెట్టలేను కూడా.

1966 నవంబరు 1ని ఏ వరుసలో పెట్టాలన్నది వాళ్ళు తేల్చుకోలేకపోయారు. మన రాష్ట్రానికి పదేళ్ళు నిండిన రోజు అది. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ అమృతరావుగారు నిరాహారదీక్షలో ఉన్నారు. ఆ రోజే విశాఖలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ కాగితాన్ని పిల్లలు రెండు వరుసల మధ్యలో అంటించారు. నేను కదపలేదు.

నెత్తిన పడ్డ రోజుల్లో పెద్దది లిస్బన్ భూకంపం. 1755 నవంబరు 1, ఉదయం 9.40 ప్రాంతం. క్రైస్తవులకు అది సకల పునీతుల పండుగ రోజు. పోర్చుగల్ రాజధాని అంతా చర్చిల్లోనే ఉంది. కొవ్వొత్తులన్నీ వెలుగుతున్నాయి. కొన్ని నిమిషాలపాటు నేల ఊగింది, కప్పులు జనం మీద కూలాయి. ఆ కొవ్వొత్తుల నుంచి, ఇళ్ళలోని పొయ్యిల నుంచి లేచిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. బతికినవాళ్ళు ఖాళీ స్థలం కదా అని నది ఒడ్డుకు పరుగెత్తారు. నీళ్ళు వెనక్కి పోయి అడుగు బయటపడింది. దాదాపు 40 నిమిషాలకు సునామీ వచ్చింది. చనిపోయినవాళ్ళు పదుల వేలల్లో ఉంటారు.

నీళ్ళు వెనక్కి పోతే చూడటానికి ముందుకు వెళ్ళకూడదు, ఎత్తైన చోటికి పరుగెత్తాలి అన్నది పిల్లలు ఎర్ర స్కెచ్చుతో రాశారు. 2004 డిసెంబరు 26న మన తీరానికీ సునామీ వచ్చింది కాబట్టి అది కాకినాడ పిల్లలకు తప్పనిసరిగా తెలియాలి.

లిస్బన్ భూకంపం తర్వాత పోర్చుగల్ మంత్రి పోంబాల్ చేసిన పని నాకు చాలా ఇష్టం. దేశంలోని చర్చి పరిధులన్నిటికీ ఒక ప్రశ్నల పట్టిక పంపించాడు. ఎన్ని గంటలకు మొదలైంది? ఎంతసేపు ఉంది? ఎన్ని ఇళ్ళు పడ్డాయి? ఎంతమంది పోయారు? సముద్రం ముందు తగ్గిందా, పెరిగిందా? మామూలు కన్నా ఎన్ని జానల ఎత్తు లేచింది? ఇది దేవుడి కోపమా కాదా అని దేశమంతా వాదించుకుంటుంటే, ఆయన జనం కళ్ళతో చూసింది అడిగి రాయించాడు. ఆ జవాబులు ఇప్పటికీ శాస్త్రవేత్తలకు పనికొస్తున్నాయి.

ఇక తొమ్మిదో తరగతి వాళ్ళు తేదీ మీదే అనుమానం తెచ్చారు. తొలి హైడ్రోజన్ బాంబును అమెరికా 1952 నవంబరు 1 ఉదయం 7.15కి పసిఫిక్‌లోని ఎనివెటాక్‌లో పేల్చింది. ఎలుగెలాబ్ అనే దీవి మొత్తం మాయమైపోయింది. అప్పుడు మన గడియారంలో అర్ధరాత్రి దాటి 12.45. వాషింగ్టన్‌లో మాత్రం ఇంకా అక్టోబరు 31 మధ్యాహ్నమే! అమెరికాలో ఉన్న మామయ్యకు ఫోన్ చేసేముందు టైము చూసుకునే పిల్లలు కాబట్టి చిటికెలో పట్టేశారు.

ఇప్పుడు మీ వంతు. పోంబాల్ పట్టికలాంటిదే ఒకటి పిల్లలు తయారుచేశారు. అడిగేది 1996 నవంబరు 6 రాత్రి గురించి. ఆ తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మీలో చాలామంది అప్పటికి బడిపిల్లలు. నేను డిగ్రీ చదువుతున్నాను. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసి, బియ్యం డబ్బా మూత మీద దుప్పటి కప్పి దాని మీదే కూర్చుంది. తెల్లారి తలుపు తీస్తే వీధి చివరి దాకా కనిపించింది. మధ్యలో ఉండే చెట్లు ఒక్కటీ లేవు.

గాలి ఎటు నుంచి మొదలైంది, ఎప్పుడు దిశ మారింది, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, ఎన్నాళ్ళకు కరెంటు వచ్చింది, ఎవరింట్లో తలదాచుకున్నారు — మీకు గుర్తున్నది చెప్పండి, పిల్లలు రాసుకుంటారు. తాతయ్య, అమ్మమ్మ ఇంట్లో ఉంటే వారినీ అడగనివ్వండి. వారికి 1977 దివిసీమ ఉప్పెన కూడా గుర్తుండవచ్చు. మీరే రాసి ఇవ్వొద్దు, పిల్లల రాతలోనే రానివ్వండి. దీనికి మార్కులు లేవు. పరీక్షల టెన్షన్ మధ్య ఇదొక అదనపు హోంవర్క్ అనుకోకండి. ఒక సాయంత్రం అరగంట చాలు. ఆ రాత్రి మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళలో ఈ మాట ఎత్తడం కష్టమనిపిస్తే ఖాళీ కాగితమే పంపండి, మేం ఏమీ అడగం.

కాగితాలు నవంబరు 5లోగా క్లాస్ టీచరుకు చేరాలి. 6వ తేదీ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు మీరందరూ వచ్చి గోడ చూడొచ్చు. యానాం గురించి అడిగిన పాప వాళ్ళ పెదనాన్నగారిని కూడా పిలిచింది. ఆయన తమ ఇంట్లో దాచుకున్న ఫ్రెంచి కాలం నాటి బడి సర్టిఫికెట్ ఒకటి తెస్తానన్నారట.

మీ
ప్రధానోపాధ్యాయురాలు