యాంటీవైరస్ మీ కంప్యూటర్లో ఆల్రెడీ ఉంది, మళ్ళీ కొనడం ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ టెక్నాలజీ పేజీలో ఒక పాఠకుడు కొత్త ల్యాప్‌టాప్‌కి ఏ యాంటీవైరస్ వేయించుకోవాలి అని అడిగితే, ఏదైనా పేరున్న కంపెనీ పెయిడ్ వెర్షన్ కొనుక్కోండి, ఫ్రీగా వచ్చేవాటిని నమ్మొద్దు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ జవాబు విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అయితే నూటికి నూరుపాళ్ళు కరెక్టు. ఇప్పటికీ చాలామంది అదే చెప్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

యాంటీవైరస్ అసలు అక్కర్లేదని నేననట్లేదు. అది కావాలి, కాకపోతే విండోస్ 10లోగానీ 11లోగానీ అది ముందే ఉంది, డిఫెండర్ అని, కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి రోజు నుంచే పనిచేస్తూ ఉంటుంది. మామూలుగా ఇంట్లో వాడుకునేవాళ్ళు దాని మీద ఇంకోటి డబ్బులు పెట్టి కొనాల్సిన పనిలేదు అన్నదే నా వాదన.

డిఫెండర్ అంటే చాలామందికి చిన్నచూపు ఉంది, దానికి కారణమూ ఉంది. మైక్రోసాఫ్ట్ 2004 చివర్లో జయింట్ అనే చిన్న కంపెనీని కొని వాళ్ళ సాఫ్ట్‌వేర్‌నే డిఫెండర్‌గా మార్చింది, అప్పట్లో అది స్పైవేర్‌ని, అంటే మన మీద నిఘా పెట్టే ప్రోగ్రామ్‌లని మాత్రమే పట్టేది, వైరస్‌ల జోలికి పోయేది కాదు. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని వేరేగా ఒక ఫ్రీ యాంటీవైరస్ ఇచ్చారు, 2012లో విండోస్ 8తో అదంతా డిఫెండర్‌లో కలిపేసి సిస్టమ్‌లోనే పెట్టేశారు. మొదటి కొన్నేళ్ళు టెస్టింగ్ ల్యాబుల్లో దానికి వచ్చిన మార్కులు చూస్తే నవ్వొచ్చేది. ఇప్పుడు అదే ఏవీ-టెస్ట్ లాంటి ల్యాబుల్లో పెయిడ్ వాటి పక్కన నిలబడి టాప్ మార్కులు తెచ్చుకుంటోంది, కానీ పాత చెడ్డపేరు ఇంకా పోలేదు.

అసలు మారింది డిఫెండర్ ఒక్కటే కాదు, మొత్తం సిస్టమే మారింది. 2003లో బ్లాస్టర్, 2004లో సాసర్ వచ్చినప్పుడు మనం ఏదీ క్లిక్ చేయక్కర్లేదు, ఎక్స్‌పీ మెషీన్‌ని ఊరికే నెట్‌కి కనెక్ట్ చేస్తే చాలు వార్మ్, అంటే నెట్‌వర్క్ మీద దానంతట అదే పాకే వైరస్, వచ్చి కూర్చునేది, ఎందుకంటే బయటి కనెక్షన్లని ఆపే ఫైర్‌వాల్ ఉన్నా ఆఫ్‌లో ఉండేది, 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే అది డీఫాల్ట్‌గా ఆన్ అయింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దాంట్లో ఉన్నది దానంతట అదే రన్ అయ్యే ఆటోరన్‌ని కూడా తర్వాత ఆపేశారు. ఇప్పుడు బ్రౌజర్ ఒక్కో సైట్‌ని వేరే గదిలో పెట్టి తాళం వేసినట్టు సాండ్‌బాక్స్‌లో నడుపుతుంది, బ్రౌజర్లో వీడియోలకి, గేమ్‌లకి వాడిన, దొంగలకి తలుపులా ఉన్న ఫ్లాష్ ప్లగిన్ 2020తో వెళ్ళిపోయింది, నెట్ నుంచి దిగిన ప్రతి ఫైల్ మీద ఒక గుర్తు పడుతుంది, ఆ గుర్తు చూసి విండోస్‌లోనే ఉన్న స్మార్ట్‌స్క్రీన్ అనే చెకింగ్ ఆపి అడుగుతుంది, 2022 నుంచి నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్ళలో ఉండే మ్యాక్రోలు (వర్డ్, ఎక్సెల్ ఫైల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) కూడా డీఫాల్ట్‌గా బ్లాకే. ఇవన్నీ యాంటీవైరస్ కంపెనీలు అమ్మేవి కావు, అప్‌డేట్లు చేసుకుంటే ఫ్రీగా వచ్చేవి.

వాన్నాక్రై సంగతి గుర్తుందా? 2017 మేలో దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లని లాక్ చేసి డబ్బులడిగింది, బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో ప్యాచ్, అంటే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్, ఇచ్చేసింది, అంటే రెండు నెలల ముందే. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ శాతం ఆ ప్యాచ్ వేసుకోని విండోస్ 7 మెషీన్లు. యాంటీవైరస్ ఉందా లేదా అనేదానికంటే అప్‌డేట్ చేశారా లేదా అన్నదే అక్కడ లెక్కకొచ్చింది.

ఇంకోవైపు కూడా చూడాలి కదా. యాంటీవైరస్ అంటే సిస్టమ్‌లో అన్నిటికంటే లోపల, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ దాకా వెళ్ళి కూర్చునే సాఫ్ట్‌వేర్, ప్రతి ఫైల్‌నీ విప్పి చూస్తుంది, అదే తప్పు చేస్తే పట్టుకునేవాళ్ళు ఉండరు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ ఒక అప్‌డేట్‌లో విండోస్ సొంత ఫైల్ అయిన ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనుకుని తీసేస్తే ఎక్స్‌పీ మెషీన్లు ఊరికే రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2016లో సాఫ్ట్‌వేర్‌లలో లోపాలు వెతికే గూగుల్ టీమ్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే టావిస్ ఓర్మండీ సిమాంటెక్, నార్టన్ ప్రొడక్ట్‌లలో బయటపెట్టిన లోపం అయితే ఇంకా ఘోరం, ఒక ఫైల్‌ని మెయిల్‌లో పంపితే చాలు, మీరు దాన్ని తెరవక్కర్లేదు, స్కాన్ చేయడానికి యాంటీవైరస్సే దాన్ని విప్పుతుంది, ఆ విప్పడంలోనే సిస్టమ్ వాళ్ళ చేతిలోకి పోతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం స్క్రీన్ వేసుకున్నాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది, విమానాలు ఆగిపోయాయి. అది ఇళ్ళల్లో వాడేది కాదు, కంపెనీలకి అమ్మేది, ఆ మాట ఒప్పుకోవాలి, కానీ కెర్నెల్‌లో కూర్చున్నది తూలితే ఏమవుతుందో చూపించడానికి అంతకంటే ఏం కావాలి.

ఫ్రీవి నమ్మొద్దు అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది, వేరే కంపెనీల ఫ్రీ వెర్షన్ల విషయంలో. అవాస్ట్ తన యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ డేటాని జంప్‌షాట్ అనే తన సొంత అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుందని 2020లో బయటపడి జంప్‌షాట్‌ని మూసేశారు, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. కాపలా పెట్టుకున్నవాడే మన గుట్టు అమ్ముకుంటే ఇంకెవరికి చెప్పుకుంటాం.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో తంటా. కంపెనీవాళ్ళే ఏదో ఒక యాంటీవైరస్ ట్రయల్ వేసి ఇస్తారు, అది ఉన్నంతసేపు డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, ట్రయల్ అయిపోయాక రోజూ పాపప్‌లు, మీరు ప్రమాదంలో ఉన్నారు, రెన్యూ చేయండి అని. ఆ ఎర్ర బాక్సులకి అలవాటు పడ్డ మనిషికి, ఏదో సైట్‌లో పొరపాటున నోటిఫికేషన్లకి అలవ్ కొట్టాక మూలన వచ్చే "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు దొరికాయి" అనే దొంగ పాపప్‌కీ అసలుదానికీ తేడా ఎలా తెలుస్తుంది చెప్పండి, లోగోలు కూడా అవే పెడతారు. నన్నడిగితే భయపెట్టి అమ్మే ఈ పద్ధతే జనాన్ని మోసగాళ్ళకి రెడీ చేసి పెట్టింది. విండోస్ సెక్యూరిటీ తెరిచి వైరస్ ప్రొటెక్షన్ దగ్గర ఎవరి పేరుందో చూసుకుని, ట్రయల్‌ది ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే డిఫెండర్ దానంతట అదే మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది.

ఇంతకీ ఇప్పుడు కంప్యూటర్లు ఎలా పోతున్నాయి అంటే, ఎక్కువగా మన చేత్తోనే. 2024 నుంచి బాగా పెరిగిన ఒక పద్ధతి చెప్తాను, దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. ఏదో సైట్ తెరుస్తారు, నేను రోబోట్‌ని కాదు అని టిక్ పెట్టే పేజీ వస్తుంది, అది మామూలేగా అని టిక్ పెడతారు, అప్పుడు వెరిఫికేషన్ కోసం విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అంటుంది. మీరు టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ని మీ క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేసేసింది, మీరు రన్ బాక్స్ తెరిచి మీ చేత్తోనే అది పేస్ట్ చేసి నడిపించారు, చాలాసార్లు అది విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ అనే కమాండ్ టూల్‌తో ఇంకేదో దింపుతుంది. ఆ దిగేది లుమ్మా లాంటి దొంగ ప్రోగ్రామ్ అయితే బ్రౌజర్లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు అన్నీ నిమిషాల్లో ఊడ్చుకుని పోతుంది. కుకీ పోయిందంటే మీరు ఆల్రెడీ లాగిన్ అయి ఉన్న సెషన్ మొత్తం వాళ్ళ చేతికి వెళ్ళినట్టే, చాలా సైట్లు వాళ్ళని పాస్‌వర్డూ అడగవు ఓటీపీ కూడా అడగవు. దీన్ని డిఫెండర్ పట్టొచ్చు, పట్టకపోవచ్చు, పెయిడ్‌ది కూడా అంతే, ఎందుకంటే నడిపింది యజమానే. ఏ నిజమైన సైటూ రన్ బాక్స్ తెరవమని అడగదు అన్న ఒక్క వాక్యం మీ పేజీలో పెద్ద అక్షరాలతో వేస్తే ఎన్ని సాఫ్ట్‌వేర్‌లు అమ్మినా రానంత మేలు జరుగుతుంది.

క్రాక్ సాఫ్ట్‌వేర్ దించుకునేవాళ్ళ సంగతి వేరే చెప్పాలా, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి అని అందులోనే రాసి ఉంటుంది, డబ్బులు పోసి కొన్నదాన్ని కూడా వినయంగా ఆఫ్ చేస్తారు.

మ్యాక్‌కి వైరస్‌లు రావు అనేది కూడా నిజం కాదు, 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ సుమారు 6 లక్షల మ్యాక్‌లకి పట్టింది, అది కూడా జావా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కన్నానికి దాన్ని చేసే ఒరాకిల్ ఫిబ్రవరిలో ప్యాచ్ ఇస్తే ఆపిల్ ఏప్రిల్ దాకా తాత్సారం చేయడం వల్ల. వాటిలో కూడా 2009 నుంచి ఎక్స్‌ప్రొటెక్ట్ అని లోపలే ఒకటుంది. లినక్స్‌లో క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్‌ని ఎక్కువగా మెయిల్ సర్వర్లలో వాడతారు. ఐఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ లోపలికి తొంగి చూడలేదు కాబట్టి అక్కడ యాంటీవైరస్ అని అమ్మేది మన కంప్యూటర్ యాంటీవైరస్‌లా స్కాన్ చేయలేదు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లోనే ఉండే ప్లే ప్రొటెక్ట్ అనే చెకింగ్‌ని ఆన్‌లో ఉంచి మెసేజ్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్ళు, అంటే యాప్ ఇన్‌స్టాలర్లు, ఇన్‌స్టాల్ చేయకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది.

కొనాల్సినవాళ్ళు అసలు లేరా అంటే ఉన్నారు. వందల మెషీన్లు ఉన్న ఆఫీసులో ఎక్కడ ఏం జరుగుతోందో ఒకచోట కూర్చుని చూసేవాళ్ళు కావాలి, దానికి వేరే సరుకు ఉంటుంది, దానికి డబ్బు పెట్టాల్సిందే. ఇంట్లో అయితే ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనుక్కుని ఫోటోలు, కాగితాలు దాంట్లో కాపీ చేసి, కాపీ అవ్వగానే డిస్క్ పీకేయడం మంచిది, పెట్టే ఉంచితే వాన్నాక్రై లాగా లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది. డిఫెండర్‌లోనే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని రాన్సమ్‌వేర్ కోసం ఒకటి ఉంది, 2017 నుంచి ఉంది, కానీ డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే మొదట్లో ఒకటి రెండు మంచి ప్రోగ్రామ్‌లని కూడా ఆపి విసిగిస్తుంది, ఓపిక ఉంటే చేసుకోవచ్చు.

చివరిగా విండోస్ 10 వాళ్ళ గురించి. దానికి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. డిఫెండర్‌కి వైరస్ డెఫినిషన్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది, ఇది చూసి యాంటీవైరస్ అప్‌డేట్ అవుతోందిగా ఇంకేం భయం అనుకునేవాళ్ళు ఉంటారు. అది తెలిసిన దొంగల ఫోటోల లిస్టు మాత్రమే, సిస్టమ్‌లో కొత్తగా బయటపడే కన్నాలు అది పూడ్చదు, పెయిడ్ యాంటీవైరస్ కూడా పూడ్చలేదు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకో ప్రాసెసర్ పాతదయ్యో 11కి వెళ్ళలేనివాళ్ళు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏడాది పొడిగింపులో చేరొచ్చు, లేదా ఆ మెషీన్ మీద లినక్స్ వేసుకోవచ్చు, రెండూ కుదరకపోతే బ్యాంకు పనులు మాత్రం దాని మీద చేయకుండా అప్‌డేట్లు వస్తున్న ఫోన్లో చేసుకోండి.

ఇట్లు
మీ పేపర్ రోజూ చదివే ఒక పాఠకుడు