సీసా మీద లోహం లెక్క రాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను ఇందుకూరుపేట మండలంలో రెండున్నర ఎకరాల్లో వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్న రైతును. నీటిశుద్ధి పేరుతో ఆక్వా మందుల దుకాణాల్లో అమ్ముతున్న నానో వెండి, నానో రాగి (అతి సన్నని కణాలుగా చేసిన లోహం) ద్రావణాల విషయాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు అక్టోబరులో గుంటలో విబ్రియో అనే రోగకారక బ్యాక్టీరియా పెరిగిందని చెప్పి ఒక టెక్నీషియన్ అలాంటి సీసా ఇచ్చారు. ఆయన చెప్పిన మోతాదులోనే చల్లాను. రెండో రోజుకు బ్లూమ్ (నీటికి రంగునిచ్చే సన్న పాచి) పడిపోయి నీటి రంగు పోయింది. మూడో రోజు తెల్లవారుజామున రొయ్యలు గట్టు వెంబడి తేలాయి, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంది. అప్పటికి 60 రోజుల పంట. ఆ సీసాయే కారణమని నేను రుజువు చేయలేను. అందులో వెండి ఎంత ఉందో, కణం పరిమాణం ఎంతో సీసా మీద ఒక్క అంకె కూడా లేనప్పుడు ఏ రైతూ రుజువు చేయలేడు, నా ఫిర్యాదు కూడా అదే.

మత్స్య శాస్త్రం చదివిన మా అన్న కూతురు ఓపికగా వివరించాక నాకు కొంత అర్థమైంది. నానో కణాలు 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. మన తల వెంట్రుక మందం అదే కొలతలో దాదాపు 80,000 ఉంటుంది. లోహాన్ని అంత సన్నం చేస్తే నీటికి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, దాని నుంచి అయాన్లు (విద్యుదావేశం ఉన్న లోహపు అణువులు) వెలువడుతూనే ఉంటాయి. సూక్ష్మజీవులను చంపే శక్తి ఎక్కువగా వాటిదే. అయితే అవి విబ్రియోను మాత్రమే ఏరి చంపవు, అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. వేల రూపాయలు పోసి ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) చల్లిన గుంటలోనే వారం తిరగకుండా వెండి చల్లితే ఆ డబ్బు నీళ్లపాలు కావడమే కాదు, అమ్మోనియా కూడా పెరిగే ప్రమాదం ఉంది. రాగి సంగతి మన పెద్దలకు మైలుతుత్తం వల్ల బాగా తెలుసు, అది పాచిని చంపుతుంది. రొయ్య రక్తంలో ఇనుముకు బదులు రాగే ఉంటుంది కనుక దానికి కాస్త రాగి అవసరమే, కానీ మోతాదు మించితే అదే రాగి మొప్పలను పాడుచేస్తుంది. చేపకైనా రొయ్యకైనా మొప్పలు ఊపిరికే కాక ఒంట్లోని ఉప్పును సమతూకంలో ఉంచడానికి కూడా కావాలి. వెండి, రాగి అయాన్లు సరిగ్గా ఆ పనినే అడ్డుకుంటాయి. చేపపిల్లలకు ఆహారమైన డాఫ్నియా వంటి చిన్న నీటి జీవులు ఇంకా తక్కువ మోతాదుకే చనిపోతాయి.

గుంట నాది, నష్టం నాది అని ఊరుకోవచ్చు. కానీ రొయ్యల పట్టుబడి అయ్యాక ఆ నీళ్లన్నీ మురుగు కాలువల గుండా బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. ఉప్పునీటిలో ఈ కణాలు ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతాయి, వెండి విషం కూడా కొంత తగ్గుతుంది. అలాగని అది మాయమైపోదు, బురదలోనే ఉండిపోతుంది. ఆ బురదలోనే పీతలు, ఆలిచిప్పలు బతుకుతాయి, వాటిని పట్టుకుని పొట్ట పోసుకునే యానాది కుటుంబాలు మా కాలువ గట్ల మీదే ఉన్నాయి. పైగా మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అప్పుడు కాలువలో ఉప్పు తగ్గుతుంది, ఉప్పు తగ్గిన నీటిలో రాగి, వెండి, జింకు జీవులకు మరింత హాని చేస్తాయి. యాంటీబయాటిక్ అయితే ఎన్నాళ్లకో విరిగి పోతుంది, లోహం అలా విరిగేది కాదు.

రైతులు ఇలాంటి సీసాలు ఎందుకు కొంటారని అడిగేవారు 1994–95 నాటి తెల్లమచ్చ వైరస్‌ను గుర్తు చేసుకోవాలి. ఆ దెబ్బ తిన్న ఊళ్లలో రోగం మాట వినబడితే చాలు, దుకాణదారు ఏది చేతిలో పెడితే అది తెచ్చి చల్లుతారు. యాంటీబయాటిక్‌ల విషయంలోనూ ఒకప్పుడు ఇలాగే జరిగింది. మందుల అవశేషాలున్నాయని ఎగుమతి సరుకును విదేశాలు తిప్పి పంపాక ప్రభుత్వం నిషేధాల జాబితా ప్రకటించింది, పట్టుబడికి ముందు పరీక్ష చేయించడం అలవాటు చేసింది, రైతులు కూడా మారారు. నానో లోహాల విషయంలో మాత్రం ఆ శ్రద్ధ కనబడడం లేదు. వ్యవసాయ, ఆహార రంగాల నానో ఉత్పత్తుల మదింపునకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో మార్గదర్శకాలు వెలువరించింది కానీ, మా ఊరి దుకాణంలోని సీసా మీద వాటి జాడ లేదు.

అందువల్ల తీరప్రాంత రొయ్యల, చేపల సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీని, రాష్ట్ర మత్స్యశాఖను నేను కోరేది ఇది. గుంటల్లో వాడే ప్రతి నానో ఉత్పత్తి మీద లోహం పేరు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, కణం పరిమాణం తెలుగులో ముద్రించేలా చూడాలి. ఆ వివరాలు లేని సరుకును అమ్మనివ్వకూడదు. కాలువలోకి వదిలే నీటిని అమ్మోనియా, బీవోడీ (నీటిలోని సేంద్రియ మలినాన్ని తెలిపే కొలత)లకే కాక లోహాలకు కూడా పరీక్షించాలి. నీటిలో కనబడకపోవచ్చు గనుక బురదను కూడా తీసి చూడాలి. నా గుంట అడుగు బురదను, పక్కనున్న కాలువ బురదను నమూనాలుగా ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. వాటిని ఎక్కడికి పంపాలో మత్స్యశాఖ తెలియజేస్తే, ఈ వానలు మొదలయ్యే లోపే నా ఖర్చుతో తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా