పక్క టేబుల్ అమ్మగారికి కృతజ్ఞతలు

పోయిన ఆదివారం హైదరాబాద్‌లోని ఒక జపనీస్ రెస్టారెంట్‌లో మా పక్క టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మగారూ! హడావిడిలో మీ పేరు అడగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నల్లగొండ నుంచి వచ్చిన ఆ అల్లరి స్నేహితుల గుంపు మాదే. మాలో ఒకామె శుద్ధ శాకాహారి. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో సూప్‌లో టోఫు (సోయా పనీర్) ముక్కలు, ఉల్లికాడలు తప్ప ఏమీ కనబడకపోవడంతో గిన్నె పెదవుల దాకా తెచ్చుకుంది. "ఆగమ్మా, అందులో చేప ఉండొచ్చు" అన్నారు మీరు. చేపను ఎండబెట్టి, పొగబెట్టి, రంపపు పొట్టు కన్నా పలుచగా తురిమి, కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి తీసే 'దాషి' రసంతోనే సాధారణంగా ఆ సూప్ చేస్తారని మీరు చెబితేనే తెలిసింది. వడ్డించే అబ్బాయి మాత్రం అది శాకాహారమేనని గట్టిగా వాదించాడు. వంటగదిలో కనుక్కుని రమ్మని మీరే పంపారు. తిరిగొచ్చి, మాట్లాడకుండా గిన్నె తీసుకెళ్లాడు!

అక్కడితో ఆగలేదు మీరు. ఆమెకు దోసకాయ సుషీ (పుల్లటి అన్నంతో చేసేది), కూరగాయల టెంపురా (పలుచని పిండిలో ముంచి వేయించినవి) చెప్పించారు. టెంపురా ముంచుకునే రసంలోనూ దాషి ఉంటుందని పక్కకు జరిపి, ఉప్పు తెప్పించారు. వసాబి అనే ఆకుపచ్చ ముద్దను పచ్చడిలా కలుపుకోబోయిన మా వాడినీ ఆపారు. మిరపకాయ కారం మాకు లెక్క కాదు గానీ, ఇది నేరుగా ముక్కుకు ఎక్కే ఘాటు. గోరంతకే వాడికి కళ్లనీళ్లు వచ్చాయి.

విషయం విని మా స్నేహితురాలి అమ్మ మీకు ప్రత్యేకంగా నమస్కారం చెప్పమన్నారు. మా అందరి తరఫునా మరీ మరీ ధన్యవాదాలండీ.