ముషాయిరాలో ఒక తెలుగు కాగితం పంచండి

సంపాదకులకు నమస్కారం.

మా కడప పెద్ద దర్గా ఉరుసులో ముషాయిరా, అంటే ఉర్దూ కవి సమ్మేళనం, జరుగుతుంది. నిరుడు మొదటిసారి చివరిదాకా కూర్చున్నాను. అంతకుముందు కూర్చున్నప్పుడల్లా అందరూ ‘వాహ్’ అన్నాక ఒక క్షణం ఆలస్యంగా నేనూ అనేవాణ్ని. ‘నక్కో’, ‘కైకూ’ లాంటి బజారు ఉర్దూ పుట్టినప్పటి నుంచీ చెవిన పడుతున్నదే. గజల్ దగ్గరికొచ్చేసరికి అది అక్కరకు రాలేదు.

దారి చూపింది నాతో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు. టీ కొట్టు దగ్గర పాత క్యాలెండర్ కాగితం వెనక ఇలా రాశాడు: ‘ఊరు విడిచినా నీ మాట మిగిలింది, నీవు నడిచిన ఆ బాట మిగిలింది.’ ‘మిగిలింది’ కింద ఎర్ర గీత గీసి, “ఇది రదీఫ్ అన్నా, మారదు. దాని ముందున్న మాట, బాట ఉన్నాయే, అవి కాఫియా” అన్నాడు. షేర్ అంటే గజల్‌లో రెండు పాదాల పద్యం. మొదటి షేర్‌లో రెండు పాదాలకూ, ఆ తర్వాత ప్రతి షేర్‌లో రెండో పాదానికీ ఇవి రావాలట. కవి మొదటి పాదం రెండు మూడుసార్లు ఎందుకు చదువుతాడో అప్పుడు తెలిసింది. వినేవాళ్లు రాబోయే కాఫియా కోసం కాచుకుని ఉంటారు. ఏ షేర్‌కు ఆ షేర్ విడిగా నిలబడుతుంది, చివరి షేర్‌లో కవి తన పేరు పెట్టుకుంటాడు. వేమన పద్యాలు నోటికొచ్చిన మన సీమవాళ్లకు ఇదేమంత కొత్త?

ఆ తర్వాతే గజల్ గాయకుడు మెహదీ హసన్ నాకు వినిపించడం మొదలైంది. ఒకే పాదాన్ని నాలుగుసార్లు పాడితే నాలుగు రకాల బాధ.

నేను అడిగేది చిన్న పని. ముషాయిరా రోజు ఉర్దూ షేర్లను తెలుగు లిపిలో, కింద రెండు ముక్కల అర్థంతో ఒక కాగితంపై అచ్చేసి పంచాలి. ఎవరేం చదువుతారో ముందే తెలియదని నిర్వాహకులు అంటారేమో. నిజమే. ఒక్కో కవి దగ్గర ఒక్క గజల్ ముందుగా తీసుకుంటే చాలు. గాలిబ్‌ను దాశరథి తెలుగులోకి తెచ్చి అరవై ఏళ్లు దాటింది. కానీ అనువాదం చదవడం వేరు, ఆ ఉర్దూ మాటే మైకులో వస్తుంటే కంటితో వెంబడించడం వేరు. రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా 2022లో చట్టం చేశారు. బోర్డుల మీద రాస్తే అక్షరాలు కనపడతాయి, అంతే. ఉర్దూ అకాడమీ ఈ అచ్చు ఖర్చు పెట్టుకుంటే బాగుంటుంది. మీ పత్రిక కూడా వారానికొక షేర్ వేయొచ్చు.

ఉచ్చారణ మాత్రం కాగితంతో రాదు. “‘జడ’లో ‘జ’ అంటావే, అట్లా అను అన్నా” అని మిత్రుడు ఇప్పటికీ నా ‘గజల్’ను దిద్దుతూనే ఉన్నాడు. ‘గ’ సంగతి ఇంకా మొదలుపెట్టలేదు.

– ఒక పాఠకుడు, కడప