ఉచివా మీద పుచ్చకాయ, మిడత

చి. హారికకు,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన బొమ్మ చూశాను. పుచ్చకాయ ముక్క బాగుంది, దాని మీద వాలిన మిడత ఇంకా బాగుంది. అయితే చెక్క మీద కత్తి పెట్టేముందు ఒకటి తేల్చుకో. ఇది గోడకు వేలాడేదా, చేతిలో ఊగేదా? జపాన్‌లో ఉచివా అనే మడత లేని విసనకర్రల కోసం వేసిన అచ్చుబొమ్మలు చేతిలో ఊగడానికే పుట్టాయి. అచ్చు వేసి, వెదురు పుల్లలకు అంటించి, ఎండాకాలం వాడి పారేసేవారు. అచ్చుబొమ్మల చిత్రకారుడు హిరోషిగే ఇలాంటివి వందల్లో వేశాడు. ఈనాటికి మిగిలినవాటిలో ఎక్కువ భాగం పుల్లలకు ఎక్కనివే.

అందుకే పుల్లల దగ్గర మొదలుపెట్టు. జపాన్‌లోని చిబా ప్రాంతంలో చేసే బోషూ రకం ఉచివాకు ఒకే వెదురును చివర చీల్చి 48 నుంచి 64 పుల్లలు తీస్తారు. పిడి కూడా ఆ వెదురే. అక్కణ్ణుంచి పుల్లలు పైకి విచ్చుకుంటాయి, కాగితం అంటించాక ఒక్కొక్కటీ సన్నని గట్టులా తేలుతుంది. నీ మిడత మీసాలు ఆ గట్లకు అడ్డంగా పోతున్నాయి. అలా వదిలేస్తే ఒకే గీత ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మీసాలను పుల్లల వెంబడే పైకి తిప్పు. పండు కింద ఒక పక్కన బరువుగా కూర్చోనీ. పిడి మొదలయ్యే చోట కాగితం లోపలికి వంపు తిరుగుతుంది, అక్కడ ఏమీ గీయకు. అంచు చుట్టూ కాగితపు పట్టీ వస్తుంది గనుక ఒక సెంటీమీటరు వదిలెయ్.

పలక అడవి చెర్రీది, నిలువుకోతది తీసుకో. పల్చని కాగితం మీది బొమ్మను బోర్లా అంటించి, గీతలు తేటగా కనిపించేదాకా వెనకవైపు పొరను వేలితో రుద్ది తీసెయ్. మీసాలు చెక్క నార వెంట పోయేలా పలకను తిప్పుకో. గీతకు రెండు పక్కలా కత్తి వాలు బయటికి ఉండాలి, అప్పుడే గీత అడుగున వెడల్పుగా, పైన సన్నగా నిలుస్తుంది. వాలు లోపలికి పోతే అడుగు సన్నబడి, అచ్చు తీసేటప్పటి రుద్దుడుకి మీసం ఎగిరిపోతుంది. విరిగిందా, జిగురుతో అతికించి సరిపెట్టకు. ఆ మేరకు తవ్వి కొత్త చెక్క ముక్క బిగించి మళ్లీ చెక్కు.

రంగుకొక పలక. ప్రతి పలక మీదా కెంటో గుర్తులు, అంటే కాగితాన్ని ఆనించే గాళ్లు, అదే చోట ఉండాలి: కుడి కింది మూలలో మూలమట్టం ఆకారపు గాడి, కింది అంచున కాస్త ఎడమకు సూటి గాడి. కాగితాన్ని ముందు మూలకు ఆనించి, తర్వాత అంచుకు దించు. గుర్తులు సరిగ్గా ఉన్నా రంగులు జరుగుతుంటే తప్పు కాగితంలో ఉంది. ఆరినకొద్దీ అది కుంచించుకుపోతుంది. తడివీ పొడివీ ఒకదాని మీద ఒకటి పేర్చి రాత్రంతా బరువు కింద ఉంచు. పని అయ్యేదాకా తడిగుడ్డ కప్పే ఉంచు. తడి ఎక్కువైతే గీత పక్కకు పాకుతుంది, తక్కువైతే నువ్వులు చల్లినట్టు తెల్లచుక్కలు పడతాయి.

ముందు నల్ల గీతలు, తర్వాత లేత రంగులు, చివర ముదురువి. పలక మీద రంగుతో పాటు కాస్త బియ్యప్పిండి జిగురు కలిపి బ్రష్‌తో సమంగా పరుచు. లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది. పుచ్చకాయ ఎరుపు తొక్క వైపు తెల్లగా కరిగిపోవాలి కదా, దానికి బొకాషీ చెయ్యి, అంటే రంగును క్రమంగా పల్చబరచు. పలకను తడిగుడ్డతో తుడిచి, బ్రష్ ఒక కొసకే రంగు తగిలించి, అటూ ఇటూ ఒకే వరసలో లాగు. పలక పొడిగా ఉంటే రంగు ఆగినచోట గట్టు కనిపిస్తుంది. ప్రతి కాగితానికీ ఇదంతా మళ్లీ చెయ్యాల్సిందే.

మిడత రెక్కకు రంగు లేకుండా ఒత్తుడు అద్దకం వేస్తానన్నావు. ఆ పని అందమైనదే గానీ విసనకర్రకు వద్దు. అంటించేటప్పుడు జిగురు తడికి ఆ ఉబ్బు చదునైపోతుంది. పల్చని బూడిదరంగు చాలు, కింది ఎరుపు అందులోంచి కనిపించాలి.

నేపథ్యానికి ప్రష్యన్ నీలం వాడు. 1829 ప్రాంతంలో ఏయిసెన్ అనే జపాన్ చిత్రకారుడు ఆ నీలంతో ఉచివా బొమ్మలు వేశాడు. అంతకుముందు వాడిన పూల నీలం నీళ్లు తగిలినా, వెలుతురు తగిలినా వెలిసిపోయేది. చెమట చేతుల్లో ఊగే వస్తువుకు అది ఎలా పనికొస్తుంది?

నల్ల గీతల పలక అవ్వగానే పల్చని కాగితం మీద ప్రూఫులు తీసి, ఒక్కోదాని మీద ఒక్కో రంగు మేర గుర్తుపెట్టు. రంగు పలకలకు అంటించాల్సినవి అవే. వాటిలో ఒకటి నాకు పంపు. అది చూసి చెప్పేదాకా రంగు పలకలు చెక్కకు.

మీ నాన్న